పిందె పడితే పక్కకి జరగాలి

మొన్న ఇల్లు సర్దుతుంటే అటక మీద అట్టపెట్టెలో అడుగునుంచి ఒక పుస్తకం బయటపడింది. సన్నటిది, నూరు పేజీల పైన ఇంకాసిని ఉంటాయేమో, అట్ట ఎప్పుడో ఊడిపోతే నేనే బ్రౌన్ పేపర్ అంటించాను, దాని మీద "1997, కాకినాడ" అని నా రాతే ఉంది. అమెరికన్ రచయిత స్టైన్‌బెక్ రాసిన నవల, ఆఫ్ మైస్ అండ్ మెన్. సర్దడం అక్కడికి ఆపేసి ఆ దుమ్ములోనే కూర్చుని మొత్తం చదివేశాను, చదివాక రెండ్రోజులు వేరే పనేదీ చెయ్యబుద్ధి కాలేదు. ఆ పుస్తకం గురించి రాయాలంటే ముందు మా తోట గురించి రాయాలి, అందుకని కాస్త పొడుగవుతుంది.

మాది కోనసీమ, ముక్తేశ్వరం రేవుకి దగ్గర్లో కాలవ గట్టున చిన్న ఊరు. రెండెకరాల కొబ్బరితోట, కొంచెం వరిచేను, మాకున్న ఆస్తి అంతే గానీ ఊళ్ళో అది ఉన్నవాళ్ళ లెక్క. రెణ్ణెల్లకోసారి దింపు ఉండేది. దింపంటే తెలియనివాళ్ళకి చెప్తున్నా, చెట్లెక్కి ముదిరిన గెలలు కోసి కిందికి దింపడం, మా తోటకి మూడ్రోజుల పని. ఆ మూడ్రోజులూ బడికెళ్ళమంటే నాకు కాళ్ళాడేవి కాదు, సాయంత్రం బడి వదలగానే పలక ఇంట్లో పడేసి తోటలోకి పరుగు.

దింపుకి ఎప్పుడూ ఇద్దరే వచ్చేవారు. పెద్దోడు, బుల్లోడు. ఊరంతా అలాగే పిలిచేది. అన్నదమ్ములు కాదు, చుట్టాలు కూడా కాదు, ఎక్కడ కలిశారో ఏమో ఎవరికీ తెలీదు. అప్పట్లో మా ఇంట్లో అందరం వాళ్ళని వాడు వీడు అనేవాళ్ళం, పదేళ్ళ పిల్లాణ్ణి నేను కూడా, ఇప్పుడు అలా రాయడానికి నాకు చెయ్యి రావట్లేదు.

పెద్దోడు బక్కపలచటి మనిషి. కాళ్ళకి బందం వేసుకుని, వెనకాల మొలతాడులో కత్తి దోపుకుని ఎక్కుతుంటే, ఎక్కుతున్నాడని తెలిసేలోపు చెట్టు తలమీద మొవ్వులో ఉండేవాడు. బుల్లోడు పేరుకే బుల్లోడు, మనిషి మంచి దిట్టం, పుట్టు చెముడు, మాట రాదు. పడిన గెలల్లోంచి కాయలు విడగొట్టడం, కావిడేసి రాశి దగ్గరికి మొయ్యడం అతని పని.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి, నాకు ఇన్నేళ్ళయినా మర్చిపోలేనిది. గెల కొయ్యబోయే ముందు పైనున్నవాడు కిందవాడికి కేకెయ్యాలి, "కాయొత్తంది జరుగు" అని. అంత ఎత్తునుంచి ఒక్క కాయ నెత్తిమీద పడినా మనిషి మిగలడు. మరి బుల్లోడికి కేక వినపడదు కదా. అందుకని పెద్దోడు ఏం చేసేవాడంటే, మొవ్వులో ఎలాగూ రాలిపోయే ఎండు పిందె ఒకటి గిల్లి, నిమ్మకాయంత ఉంటుంది అది, బుల్లోడికి రెండడుగులు ముందు పడేలా విసిరేవాడు. అది కళ్ళముందు పడగానే బుల్లోడు చేస్తున్న పని అక్కడే వదిలేసి, నాలుగడుగులు వెనక్కి వేసి, తలెత్తి పైకి చూసి, కుడిచెయ్యి ఎత్తేవాడు. ఆ చెయ్యి లేచేదాకా పెద్దోడు గెల మీద కత్తి వెయ్యడు. ఎంత ఎండగా ఉన్నా, ఎంత పొద్దుపోయినా, ఇంకా ఎన్ని చెట్లున్నా సరే, పిందె, నాలుగడుగులు, చెయ్యి, అప్పుడు గెల. మూడ్రోజుల్లో వందలసార్లు. ఒక్కసారి కూడా తప్పడం నేను చూళ్ళేదు. మా నాన్న కిందనుంచి "ఒరేయ్ పెద్దోడా, ఆ పిందెలాట ఆపి బేగి కానియ్యరా, పొద్దుపోతంది" అని అరిస్తే, "ఆయ్, అయిపోద్దండి" అనేవాడు గానీ ఆపేవాడు కాదు.

ఆ మూడు రాత్రులూ మా పశువుల సావిట్లో పడుకునేవారు. నేను నానమ్మ పక్కలో అరుగు మీద. కరెంటు ఉన్నా సావిట్లో బల్బు లేదు, కటిక చీకటి, చుట్ట నిప్పొకటి కనపడేది. ఆ చీకట్లో పెద్దోడు మాట్లాడుతూనే ఉండేవాడు. ఫలానా తోటలో కాయ సైజు తగ్గిపోయిందనీ, అంబాజీపేటలో ధర పడిపోయిందంటన్నారనీ, మోకాలు సలుపుతోందనీ, ఏవేవో. ఎవరితో? పక్కనున్నది బుల్లోడొక్కడే. అతనికి వినపడదు, ఆ చీకట్లో సైగ చేసినా కనపడదు. నాకది చాలా వింతగా ఉండేది. ఒకరాత్రి నానమ్మ ఉండబట్టలేక అడిగేసింది, "ఏరా, వినపడనోడితో ఏం కబుర్లురా నీకు?" అని. పెద్దోడు కాసేపు ఊరుకుని, "ఇనపడాలనేం లేదండమ్మగోరూ. ఉన్నాడు కదండి" అన్నాడు.

ఉన్నాడు కదండి. అంతే అన్నాడు, నాకు అర్థం కాలేదు, నిద్రపోయాను.

ఊళ్ళో వాళ్ళిద్దరి మీదా అనుమానం ఉండేది. ఇద్దరి కూలీ పెద్దోడి చేతికే ఇచ్చేవారు, "చెవిటోడి కూలి కూడా వీడే మింగేస్తన్నాడు, లేకపోతే ఎందుకు తిప్పుకుంటాడు వెంట" అనేవారు. మా నాన్న కూడా ఒకసారి అడిగేశాడు మొహమ్మీదే. పెద్దోడు ఏమీ అనలేదు, మా నానమ్మ వైపు చూశాడంతే. ఎందుకంటే ఆ డబ్బు ఎక్కడుందో ఆవిడకి తెలుసు. ఆవిడ దగ్గరే దాచేవాడు. దింపయిపోయిన మూడోరోజు సాయంత్రం పెరటివైపొచ్చి, తిండికి పోగా మిగిలింది ఆవిడ చేతిలో పోస్తే, ఆవిడ పాత చీర ముక్కలో ముడేసి ధాన్యం గాదె వెనకాల పెట్టేది. రెండు కుంచాల చెక్క, అంటే చిన్న నేలముక్క, కొనుక్కోవాలని అతని కోరిక. నాకూ చెప్పాడు ఒకసారి, "డజను మొక్కలేసుకుంటే చాలండి బాబుగోరూ. మన చెట్టు మనవే ఎక్కి మన కాయ మనవే దింపుకుంటే, అదండీ బతుకంటే. మా బుల్లోడు నీల్లోత్తాడు." ఎప్పుడు ఈ మాటొచ్చినా అవే మాటలు, అదే వరసలో చెప్పేవాడు, పక్కన బుల్లోడు అతని మొహం చూసే ఏం చెప్తున్నాడో పట్టేసేవాడేమో, చేత్తో చెంబు వంచినట్టు చేసి నవ్వేవాడు.

తర్వాత నేను కాకినాడలో డిగ్రీకి వెళ్ళాను. రేవు దాటి కోటిపల్లి, అక్కణ్ణించి ద్రాక్షారామం, రామచంద్రపురం మీదుగా బస్సు. రూములో ఇద్దరం ఉండేవాళ్ళం, రాజోలు వైపు కుర్రాడొకడు నాతోపాటు.

1996 నవంబరు 6 రాత్రి తుఫాను. కోనసీమ వాళ్ళెవరికీ ఆ రాత్రి గురించి చెప్పక్కర్లేదు. నేను ఊరు చేరేసరికి నాలుగు రోజులయింది. మా తోట దగ్గర కాలవ గట్టు మీద నిలబడి చూస్తే అవతల ఊరు కనపడింది, అదివరకెప్పుడూ కనపడేది కాదు, మధ్యలో అన్నీ చెట్లే కదా. కూకటివేళ్ళతో లేచిపోయినవి కొన్ని, నడుముకి విరిగినవి కొన్ని, నిలబడ్డవాటికి మొవ్వు లేదు, కరెంటు స్తంభాల్లా ఉన్నాయి. మా నాన్న ఏడవగా చూడ్డం అదే మొదటిసారి. మా సంగతి సరే, మాకు కనీసం నేల మిగిలింది. కొత్త మొక్క పెడితే కాపుకి రావడానికి ఐదారేళ్ళు పడుతుంది, అన్నాళ్ళు చెట్టెక్కేవాడు ఏం ఎక్కుతాడు, ఏం తింటాడు? ఆ ప్రశ్న అప్పుడు నాకు తట్టలేదు. ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది గానీ నిజంగానే తట్టలేదు.

ఆ తర్వాత ఇంటినుంచి డబ్బులు రావడం తగ్గిపోయింది. రూమ్మేట్‌ది కూడా అదే పరిస్థితి. క్యారేజీ ఒకటి మానేసి ఒక్కదాన్నే ఇద్దరం తినేవాళ్ళం. సినిమాల్లేవు, టీ కొట్టు దగ్గరికి వెళ్తే అప్పు అడగాల్సొస్తుందని వెళ్ళేవాళ్ళం కాదు. తోటివాళ్ళు మెల్లిగా తప్పుకున్నారు, వాళ్ళనీ అనలేం. ఊరుకాని ఊళ్ళో, చేతిలో డబ్బుల్లేకుండా, సాయంత్రం ఆరు తర్వాత ఏం చెయ్యాలో తెలియకపోవడం ఎలా ఉంటుందో అనుభవించినవాళ్ళకి తెలుస్తుంది. అప్పుడే మా ఇంగ్లీషు మేష్టారు ఈ పుస్తకం ఇచ్చారు, "చిన్నదే, ఇద్దరూ కలిసి చదవండి" అని. తిరిగిచ్చేలోపు ఆయనకి ట్రాన్స్‌ఫరైపోయింది, పుస్తకం నా దగ్గరే ఉండిపోయింది. పక్కన శంకరనారాయణ డిక్షనరీ పెట్టుకుని రాత్రికి నాలుగైదు పేజీలు చదివేవాళ్ళం, ఒకడు పైకి చదివితే ఒకడు డిక్షనరీ తిప్పాలి. ఆ పల్లెటూరి కూలీల ఇంగ్లీషు సగం డిక్షనరీలో దొరికేదే కాదు.

కథ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. 1937లో వచ్చింది, అమెరికాలో పనుల్లేక జనం ఊళ్ళు పట్టుకు తిరిగిన కాలం. కాలిఫోర్నియాలో సోలెడాడ్ అనే ఊరి దగ్గర ఒక పెద్ద కమతానికి జార్జ్, లెన్నీ అని ఇద్దరు కూలీలు నెలకి యాభై డాలర్ల జీతానికి వస్తారు. సోలెడాడ్ అంటే స్పానిష్‌లో ఏకాంతం, ఒంటరితనం అని మేష్టారు చెప్పారు. లెన్నీ కొండంత మనిషి, బుద్ధి మాత్రం పసిపిల్లాడిది. గురువారం సాయంత్రం మొదలై ఆదివారానికి అయిపోతుంది కథంతా. చివర ఏటిగట్టున ఏం జరుగుతుందో చెప్పను, చదవనివాళ్ళు చదవాలి. స్టైన్‌బెక్ పుట్టింది ఆ చుట్టుపక్కలే, సలీనాస్‌లో, కుర్రతనంలో తను కూడా అలాంటి కమతాల్లో పనిచేశాడు, అది చదువుతుంటే తెలిసిపోతుంది, కూలీల గదిలో మంచం పక్కన గోడకి ఆపిల్ పెట్టె మేకులు కొట్టి అందులో సబ్బూ, రేజరూ పెట్టుకుంటారని రాస్తాడు చూడండి, ఊరికే చూసిపోయిన మనిషికి అది కనపడదు.

మొదట్లోనే ఒక చోట ఆగిపోయాను. పనిలో పెట్టుకునే కామందు జార్జ్‌ని అనుమానంగా అడుగుతాడు, ఇతని జీతం నువ్వు కాజేస్తున్నావా, ఒక మనిషి కోసం ఇంకో మనిషి ఇంత తాపత్రయపడటం నేనెప్పుడూ చూళ్ళేదే అని. నేను రూమ్మేట్‌తో "ఒరేయ్, ఇది మా నాన్నరా" అన్నాను. అప్పుడు మొదటిసారి వాడికి పెద్దోడు, బుల్లోడు గురించి చెప్పాను.

కాండీ అని ఒక ముసలాయన ఉంటాడు అందులో, పనిలో చెయ్యి పోతే ఊడ్చే పనిలో పెట్టి ఉంటారు. అతనికొక ముసలి కుక్క, పిల్లప్పట్నుంచీ సాకినది. కంపు కొడుతోందని తోటి కూలీ దాన్ని బయటికి తీసుకెళ్ళి కాల్చేస్తాడు. మిగతావాళ్ళంతా గదిలో పేకముక్కలు పట్టుకుని ఎప్పుడు పేలుతుందా అని ఎదురుచూస్తూ ఏవేవో మాట్లాడుతుంటారు, ముసలాయన మంచమ్మీద పడుకుని పైకప్పు చూస్తుంటాడు. ఆ పేజీ దగ్గర మా రూమ్మేట్ పుస్తకం మూసేసి బయటికెళ్ళిపోయాడు, గంటసేపు రాలేదు. తర్వాత అదే కాండీ, పదెకరాలు కొందామని జార్జ్ చెప్పే మాటలు విని, చెయ్యి పోయినందుకు వచ్చిన రెండొందల యాభై డాలర్లతో సహా ఉన్నదంతా ఇస్తాను నన్నూ చేర్చుకోండి అని అడుగుతాడు. గాదె వెనక చీరముక్కలో ముడి నాకు అప్పుడు గుర్తొచ్చింది.

ఇంక క్రుక్స్. నల్లవాడు, గుర్రపు సాల చూసే మనిషి, నడుం వంకర. మిగతా కూలీల గదిలోకి అతన్ని రానివ్వరు, జీనులు పెట్టే కొట్లో ఒక్కడే ఉంటాడు. అతని దగ్గర పుస్తకాలుంటాయి. పుస్తకాలతో ఏం లాభం, మనిషికి దగ్గరగా ఇంకో మనిషి ఉండాలి, లేకపోతే పిచ్చెక్కిపోతుంది అంటాడు లెన్నీతో. ఆ గది గురించి చదువుతుంటే నాకు మా సావిడి చూరు కనపడింది. ఆ చూరులో రెండు గాజు గ్లాసులు దోపి ఉండేవి. పెద్దోడు, బుల్లోడు టీ తాగేవి. వాళ్ళు తాగి, వాళ్ళే కడిగి, మళ్ళీ చూరులో దోపేవాళ్ళు, మా అమ్మ పైనుంచి పోసేది, గ్లాసుకి తపేలా తగలకుండా. పదిహేనేళ్ళు రోజూ చూశాను ఆ గ్లాసుల్ని, గోడ మీద బల్లిని చూసినట్టు చూశాను. కాకినాడలో, వేల మైళ్ళ అవతల సంగతి రాసిన పుస్తకం చదువుతూ, అప్పుడు గానీ అవేంటో నాకు తెలియలేదు.

క్రుక్స్ ఇంకో మాటంటాడు. జార్జ్ నీతో ఏం మాట్లాడినా నీకు అర్థం కాదు, అయినా పర్లేదు, వినడం గురించి కాదు, అర్థమవడం గురించి కాదు, మాట్లాడుకోవడమే, పక్కన ఒక మనిషితో ఉండటమే అని. నా మాటల్లో చెప్తున్నా, సారం అదే. నేను చదువుతున్నాను, వాడు డిక్షనరీ పట్టుకుని ఉన్నాడు, ఒక్క కఠినమైన మాట కూడా లేదు ఆ వాక్యాల్లో, అయినా ముందుకి వెళ్ళలేకపోయాను. సావిడి, చీకటి, చుట్ట నిప్పు. ఉన్నాడు కదండి.

ఆ సంక్రాంతికి ఇంటికెళ్ళగానే అడిగాను నానమ్మని, పెద్దోడు వాళ్ళేరీ అని. తుఫాను తర్వాత నెలరోజులు పడిపోయిన చెట్లు నరికే పని దొరికిందట. తనెక్కిన చెట్లే తను నరకడం. ఆ పనీ అయిపోయాక ఒకరోజు పెరటివైపొచ్చి, "ఆ మూట ఇప్పించండమ్మగోరూ" అన్నాడట. నానమ్మ గాదె వెనకనుంచి తీసి ముడి విప్పి లెక్కపెడితే నాలుగు వేల చిల్లర. "చెక్క కొనలేదేరా?" అంటే, "ముందు తినాలి కదండి" అని, ఒక వంద కాగితం ఆవిడ చేతిలో పెట్టబోతే ఆవిడ తోసేసిందట. భీమవరం వైపు చేపల చెరువుల మీద కాపలా పనులున్నాయని వెళ్ళారు. "ఒక చోట పెద్దోడికి పనిస్తామన్నారంట, చెవిటోడు కాపలాకి పనికిరాడన్నారంట, ఇద్దరూ మానేసి వచ్చేశారంట" అని తర్వాతెప్పుడో తెలిసింది. ఆ పైన ఏమయ్యారో తెలియలేదు.

ఇంకోటి కూడా అడిగాను నానమ్మని, వాళ్ళ పేర్లేంటని. ఆవిడ ఆలోచించి ఆలోచించి, "పెద్దోడేరా, పేరేటి?" అంది. నాన్నకి తెలీదు. అమ్మకి తెలీదు. ఆ నవల్లో కామందు కొడుకు కర్లీ, అతని పెళ్ళానికి మొదట్నుంచి చివరిదాకా పేరుండదు, అందరూ కర్లీ పెళ్ళామనే అంటారు, ఆమె కూడా ఒంటరిదే, మాట్లాడేవాళ్ళు లేక కూలీల గది గుమ్మం దగ్గర తచ్చాడుతుంటుంది. కాకినాడలో చదివినప్పుడు మేమిద్దరం అనుకున్నాం, రచయిత ఇంత క్రూరంగా పేరు కూడా పెట్టలేదేంటి అని. మేమేం చేశాం మరి? పదిహేనేళ్ళు మా తోటలో చెట్లెక్కిన మనుషులు.

రూమ్మేట్‌తో కూడా తర్వాత దారులు వేరైపోయాయి. వాడు కువైట్ వెళ్ళాడు, రెండు ఉత్తరాలు వచ్చాయి, ఇల్లు మారినప్పుడు నా అడ్రస్ పంపడం బద్ధకించాను. వాడి చేతిరాత ఈ పుస్తకంలో మార్జిన్లలో పెన్సిల్‌తో ఇంకా ఉంది, కష్టమైన మాటలకి అర్థాలు. "హార్నెస్ - జీను సామాను." "లోన్లీ" అనే మాట డిక్షనరీ అక్కర్లేనిది, అయినా దాని కింద గీత గీసి, ఎదురుగా ఏమీ రాయకుండా వదిలేశాడు.

పోయిన శీతాకాలంలో ఊరెళ్ళాను. తుఫాను తర్వాత నాన్న పెట్టిన మొక్కలు ఇప్పుడు ఆకాశమంత ఉన్నాయి, నాన్న లేడు, నానమ్మ లేదు, తోట కౌలుకిచ్చాం. నేనెళ్ళిన రోజు దింపు జరుగుతోంది, కుర్రాళ్ళు మోటార్‌సైకిల్ మీద వచ్చి చకచకా ఎక్కి దిగుతున్నారు, ఒకడు పైనుంచి ఫోన్ మాట్లాడుతూనే గెల కోస్తున్నాడు. రాశి పక్కన కొబ్బరి డొక్కలు పోగేస్తూ ఒక ముసలాయన. తెల్లగా నెరిసిపోయాడు గానీ ఆ భుజాలు చూడగానే గుర్తుపట్టాను. ఆయన నన్ను గుర్తుపట్టలేదు, లేదా పట్టాడేమో తెలీదు, చెంబు వంచినట్టు చేత్తో చూపించాను, కళ్ళు పెద్దవి చేసి నా మొహంలోకి చూశాడు.

ఆయనకి అన్నం పెడుతున్నావిడ పెద్దోడి మేనకోడలట, కాలనీలో ఉంటారు. పెద్దోడు పోయి పదేళ్ళయిందట, జొరం, చెట్టు మీంచి పడి కాదు. "మా మావ పోయేముందు ఒకటే మాటండి, ఆణ్ణి చూసుకో అని" అంది. చెక్క కొన్నారా అని అడిగాను, లేదంది. పేర్లు అడిగాను, ఇద్దరివీ. చెప్పింది. అవి ఇక్కడ రాయను, నాకు తెలుసు, చాలు.

ఆవిడతో మాట్లాడుతుండగానే కుర్రాళ్ళు అవతలి వరసలోకి వెళ్ళిపోయారు, ఈ వైపు చెట్ల మీద ఎవరూ లేరు. గాలికి ఒక ఎండు పిందె రాలి ముసలాయన ముందు పడింది. చేతిలో డొక్క వదిలేశాడు. మెల్లిగా లేచి, మోకాళ్ళు పట్టుకుని, ఒకటి, రెండు, మూడు, నాలుగు అడుగులు వెనక్కి వేశాడు. తలెత్తి మొవ్వులోకి చూసి, కుడిచెయ్యి ఎత్తి, అలాగే నిలబడ్డాడు.